ఆకు దూసిన మల్లె

అనగనగా గోదారి మధ్యలో ఒక తిప్ప. ఆ తిప్ప మీద ఒక ఊరు. ఊరంటే మరీ పెద్దదేం కాదు, ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర పలుకుతారు. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో బుజ్జులూ. ఊ కొట్టకపోతే నేను చెప్పను, ముందే చెబుతున్నా.

ఆ ఊళ్ళో ఇళ్ళకి నంబర్లు లేవు. గుమ్మం ముందు ఏ పూలమొక్క ఉంటే అదే ఆ ఇంటి పేరు. నందివర్ధనం వారిల్లు, మందారం వారిల్లు, పారిజాతం వారిల్లు. "ఒరేయ్, పారిజాతం వాళ్ళింటికెళ్ళి కాస్త చల్ల పట్రారా" అంటారన్నమాట. ఒక ఇంటి ముందున్న మొక్క ఇంకో ఇంటి ముందు పెట్టకూడదు. పెడితే చల్లకెళ్ళినవాడు ఏ గుమ్మం ఎక్కాలో నువ్వే చెప్పు!

ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరికీ లేని మొక్కని ఏరుకుని వాకిట్లో పెట్టుకోవాలి. రెండు వేసవులు దాటేలోగా అది పూయాలి. పూసిందా, ఇంటికి పేరొస్తుంది, ఇల్లు వాళ్ళదవుతుంది. పూయలేదా, ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోవాలి. తిప్ప మీద చోటు తక్కువ కదా, అందుకని పూర్వం ఎవరో అలా పెట్టారు. కఠినంగా ఉందా? నాకూ అలాగే ఉంటుంది. కానీ ఆ ఊరు అంతే.

ఆ ఊరికి ఒక వేసవి చివర్లో మాణిక్యం అనే ఆవిడ వచ్చింది. వెంట కూతురు ముత్యం. ఒంటి మీద బంగారం లేకపోయినా పేర్లలో మాత్రం నవరత్నాలూ ఉన్నాయి! తండ్రి లేడు. ఎగువన ఇంకో తిప్ప మీద వాళ్ళకో ఇల్లుండేది. గోదారి కోత కోసుకుంటూ వచ్చి వచ్చి ఒక వరదకి ఇంటిని పట్టుకుపోయింది. పెరడూ పోయింది, పెరట్లో జామచెట్టూ పోయింది. పడవలో కూర్చుని తల్లీకూతుళ్ళు చూస్తుండగానే పోయింది.

అప్పటినించీ మాణిక్యానికి ఏదైనా పోతుందంటే ప్రాణం విలవిల్లాడేది. రాలిన పువ్వుని కూడా ఊడ్చి పారెయ్యలేక చెట్టు మొదట్లోనే పెట్టేది. అలాంటి మనిషి.

వాళ్ళకి ఊరి చివరిల్లు ఇచ్చారు. దానికి పేరు లేదు. అందరూ "ఆ చివరిల్లు" అనేవారు. పిల్లలు ఊరుకుంటారా? ముత్యాన్ని "పేరు లేని ఇంటి పిల్లా" అని పిలిచేవారు. ముత్యం ఇంటికొచ్చి మూల కూర్చునేది. మాణిక్యం కూతురి తల నిమిరి, "వచ్చేస్తుందమ్మా పేరు, ఇంకెన్నాళ్ళు" అనేది. అనేది గానీ లోపల గుబులే.

అప్పుడు మాణిక్యం ఆలోచించింది. మంచి వాసనొచ్చే మొక్కైతే ఊరంతటికీ తెలుస్తుంది కదా అనుకుంది. వెళ్ళి సంపెంగ మొక్క తెచ్చి నాటింది.

మందారం వారింటి గవరమ్మ ఆ దారినే వెళ్తూ ఆగింది. గవరమ్మ అంటే ఊరికి పెద్ద. నోరు కాస్త గరుకు. మొక్కని పైనించి కిందకి చూసి, "ఏమే మాణిక్యం, గింజ మొలకేనా ఇది? ఇది పూసేసరికి నీ కూతురికి మనవలు పుట్టేస్తారే!" అని నవ్వేసింది.

మాణిక్యం మొహం చిన్నబోయింది. సంపెంగని జాగ్రత్తగా మట్టితో సహా పెకలించి రేవు పక్కన పాతింది.

ఆ తర్వాత వానలు మొదలయ్యాయి. ఒకరోజు పూలకుండీలవాడు పడవ మీద వచ్చాడు. వాడి దగ్గర చేమంతి ఉంది. మొక్క నిండా మొగ్గలే! ఇంక పూయడం ఎంతసేపు, నాలుగు రోజుల్లో పేరొచ్చేస్తుంది అనుకుంది మాణిక్యం. ఎగిరి గంతేసి తెచ్చుకుంది. ఆ ఊళ్ళో ఎవరికీ చేమంతి ఎందుకు లేదో ఒక్క మాట అడిగితే పోయేది. అడగలేదు.

ముసురు పట్టింది. తిప్ప మీద వానంటే మామూలు వాన కాదు. చేమంతికి కాళ్ళ కింద నీళ్ళు నిలిస్తే పడదు. అయినా మాణిక్యం ఊరుకుందా? వాన తెరిపిచ్చిన పూట మొక్క ఎక్కడ ఎండిపోతుందోనని చెంబుడు నీళ్ళు కూడా పోసింది. పిచ్చి తల్లి! మొగ్గ విచ్చకుండానే చేమంతి వేరు కుళ్ళి వాలిపోయింది.

మాణిక్యం గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. గవరమ్మకి తెలిసి వచ్చింది. ఈసారి నవ్వలేదు. పక్కనే కూర్చుంది.

"ఒకసారి ముక్కుతో ఏరుకున్నావు, ఒకసారి కంటితో ఏరుకున్నావు" అంది గవరమ్మ. "నీ వాకిలి ఎలాంటిదో ఎప్పుడైనా చూసుకున్నావుటే?"

అప్పుడు ఇద్దరూ కలిసి వాకిలి చూశారు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎండ ఎటునించి ఎటు పోతుందో ఒకరోజు చూశారు. నీళ్ళు పోస్తే నిలుస్తాయా ఇంకుతాయా అని ఇంకోరోజు చూశారు. గాలి ఎటు కొడుతుందో మరోరోజు చూశారు. చివరిల్లు కాబట్టి అడ్డం లేదు, ఎండంతా వాళ్ళదే. చేమంతిని పాతిన మూల పల్లంగా ఉంది కానీ, మెట్ల పక్కన మెరక. అక్కడ ఇసక మట్టి, నీళ్ళు చటుక్కున ఇంకిపోతున్నాయి. ఇంటిగోడ గాలిని ఆపుతోంది.

"ఈ చోటు మల్లెకి రాసి పెట్టినట్టుంది" అంది గవరమ్మ. "కానీ మల్లెతో చాకిరీ ఎక్కువే అమ్మాయ్. రోజూ మొగ్గ కొయ్యాలి, ఏటా ఆకు దుయ్యాలి. అందుకే ఈ ఊళ్ళో బద్ధకిష్టులెవరూ దాని జోలికి పోలేదు."

"చాకిరీకి నాకేం భయం పెద్దమ్మా" అంది మాణిక్యం. మల్లె అన్న మాట విన్నంత బాగా దుయ్యడం అన్న మాట వినలేదు.

వానలు తగ్గాక అవతలి ఒడ్డునించి మల్లె అంటు తెచ్చి మెట్ల పక్కన నాటారు. చుట్టూ పాదు చేశారు. ఇంక చూడు మాణిక్యం సంబరం! పొద్దున్న నీళ్ళు, సాయంత్రం నీళ్ళు. చంటిపిల్లకి పోసినట్టు పోసింది. మొక్క కాస్తా పొద అయింది, పొద కాస్తా గుబురైంది. పచ్చగా నిగనిగలాడిపోతోంది. దారిన పోయేవాళ్ళందరూ ఆగి, "అబ్బ, ఏం పెంచేవమ్మా!" అనేవారు.

మొదటి వేసవి వచ్చింది. మాణిక్యం రోజూ కొమ్మలు ఎత్తి ఎత్తి చూసింది. ఆకు ఉంది, ఇంకా ఆకు ఉంది, ఆ వెనకాల మళ్ళీ ఆకే ఉంది. ఒక్క మొగ్గ లేదు.

ఆ వేసవి అలాగే వెళ్ళిపోయింది. ఇంక మిగిలింది ఒక్క వేసవి.

మళ్ళీ వానలొచ్చి వెళ్ళాయి. చలి మొదలైంది. అప్పుడు గవరమ్మ వచ్చి, "మాణిక్యం, మొక్కకి నీళ్ళు ఆపెయ్" అంది. "కొన్నాళ్ళు ఎండనీ. ఆ తర్వాత కొసలు కత్తిరించి, ఉన్న ఆకంతా దూసెయ్. ఒక్కటి ఉంచకు."

మాణిక్యం పొదకి అడ్డం నిలబడింది. "అంతానా పెద్దమ్మా? అంత పచ్చగా ఉన్నదాన్నా?"

"పచ్చగా ఉంది కాబట్టే. దానికి కడుపు నిండా తిండి ఉంది, దాహం తీరా నీళ్ళున్నాయి. ఇంక అది పూయాల్సిన పనేముంది?" అని గవరమ్మ వెళ్ళిపోయింది.

సరేనని తలూపింది మాణిక్యం. ఊపి ఏం చేసిందో తెలుసా? పొద్దున్న పొయ్యలేదు. దీపాలు పెట్టేవేళకి ఎవరూ చూడకుండా కొంగు చాటున చెంబు పట్టుకెళ్ళి పోసేసింది! నవ్వకు. నువ్వు ఉపవాసం ఉంటానని వంటింట్లో బెల్లం ముక్క తినలేదూ, అలాగే.

ఆ తర్వాత ఒకరోజు కత్తెర పట్టుకుని వెళ్ళింది. పొద ముందు కూర్చుంది. ఒక కొమ్మ పట్టుకుంది, వదిలేసింది. లోపలికి వచ్చేసింది. ఇంకోరోజు కళ్ళు మూసుకుని వెళ్ళింది. ఒక్క ఆకు తుంపింది. పాలు కారినట్టు అనిపించి, అంటే మల్లెకి పాలుండవు, ఆవిడకి అలా అనిపించింది, మళ్ళీ లోపలికి వచ్చేసింది. ఇలా చలికాలం సగం గడిచిపోయింది.

అప్పుడు ఊరి పెద్దలు ఒక కబురు పంపారు. అవతలి గట్టునించి ఒక కుటుంబం వస్తుందిట. వచ్చే వేసవిలోనూ మల్లె పూయకపోతే చివరిల్లు వాళ్ళకి ఇస్తారుట. కోప్పడి పంపలేదు, మామూలుగానే పంపారు.

ఆ కబురు వినగానే ముత్యం లోపలికెళ్ళి తన గౌన్లు రెండూ మడతపెట్టి మూట కట్టుకుంది. అడిగితే, "పోయినసారి వరదొచ్చినప్పుడు నా గౌను మర్చిపోయాం కదమ్మా, ఈసారి ముందే కట్టుకున్నా" అంది.

ఆ మాటకి మాణిక్యం ఇంక ఉండలేకపోయింది. గబగబా మందారం వారింటికి వెళ్ళి గవరమ్మ ముందు కూలబడింది. "నా వల్ల కావట్లేదు పెద్దమ్మా. దాని ఆకు మీద చెయ్యి వేస్తే నా ఇల్లు మళ్ళీ గోదాట్లో పడిపోతున్నట్టే ఉంది" అని భోరుమంది. చాటుగా నీళ్ళు పోసిన సంగతీ చెప్పేసింది.

గవరమ్మ తిట్టలేదు. ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. "గోదారి నీ ఇంటిని పునాదితో పట్టుకుపోయింది తల్లీ. అది ఇంక రాదు, దాని కోసం నువ్వేడిస్తే నేనూ ఏడుస్తాను. కానీ మల్లెకి వేరు ఎక్కడికీ పోలేదు. నువ్వు తీసేది ఆకునే. వేరున్నదానికి ఆకు మళ్ళీ వస్తుంది" అంది. అని తన కొంగుతోనే మాణిక్యం కళ్ళు తుడిచింది.

ఆ రోజునించీ మాణిక్యం నీళ్ళు నిజంగా ఆపేసింది. మొక్క కొంచెం వాడింది. ఆవిడకి అన్నం సయించలేదు, అయినా పొయ్యలేదు. ఆ తర్వాత ఒక పొద్దున్న తల్లీకూతుళ్ళు పొదకి చెరో పక్కన కూర్చున్నారు. కొసలు కత్తిరించారు. కొమ్మ కొమ్మా పట్టుకుని ఆకు దూశారు. మాణిక్యం కళ్ళమ్మట నీళ్ళు కారుతూనే ఉన్నాయి, చేతులు దూస్తూనే ఉన్నాయి. అయిపోయేసరికి మిగిలింది ఏంటనుకున్నావు? నాలుగు పుల్లలు.

దారిన పోయేవాళ్ళు ఆగి, "అయ్యో, మొక్క పోయిందా మాణిక్యం?" అని అడిగారు. "లేదండీ, ఉంది" అనేది మాణిక్యం. అంతకంటే ఏం చెప్పాలో ఆవిడకీ తెలీదు.

అప్పుడు పాదు తవ్వి, మాగిన పశువుల ఎరువు వేసి, నిండా నీళ్ళు పెట్టింది. ముందు కొమ్మ కణుపుల దగ్గర చిన్న చిన్న పచ్చ చుక్కలు కనిపించాయి. ఆ తర్వాత చుక్కలు చిగుళ్ళయ్యాయి. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ముత్యం, "అమ్మా!" అని పెట్టిన కేకకి గోడ మీద పిల్లి కూడా కింద పడింది. ప్రతి చిగురు చివరా బియ్యపు గింజల్లాంటి మొగ్గలు. మూడేసి మొగ్గలు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ.

మాణిక్యం అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది. నవ్విందో ఏడ్చిందో ఆవిడకే తెలీదు. ముత్యం మూట విప్పేసి గౌను తొడుక్కుంది.

ఆగు, కళ్ళు మూతలు పడుతున్నాయేం? ఇంకొంచెమే ఉంది. ఆ ఊళ్ళో ఇంకో ఆనవాయితీ ఉంది. ఇంటికి పేరు రావాలంటే మొదటి కోత పూలన్నీ ఊరందరికీ పంచెయ్యాలి. గడప గడపకీ ఇవ్వాలి. ఇంట్లో ఒక్కటి ఉంచుకోకూడదు.

మొగ్గలు బాగా తెల్లబడిన రోజు ఎండ వాలగానే మాణిక్యం బుట్ట పట్టుకుని పొద దగ్గరికి వెళ్ళింది. ఒక్క ఆకు తుంపలేని మనిషి! ఆ రోజు తెల్లబడ్డ మొగ్గ ఒక్కటీ వదలకుండా టకటకా కోసేసింది. అరటాకు ముక్కల్లో పొట్లాలు కట్టి, ముత్యం చెయ్యి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. దీపాలవేళకి ఊళ్ళో ఆడవాళ్ళందరి తలల్లోనూ మల్లెలు విచ్చుకున్నాయి. వీధంతా ఒకటే వాసన.

ఆఖరి పొట్లం గవరమ్మకి ఇచ్చింది. గవరమ్మ వాటిని జడలో తురుముకుని, వీధిలోకి వచ్చి, ఊరందరికీ వినపడేలా, "మల్లె వారింటి మాణిక్యం పూలు తెచ్చింది!" అని గట్టిగా చెప్పింది.

తల్లీకూతుళ్ళు ఖాళీ బుట్టతో ఇంటికి వచ్చారు. ముత్యం పొద వంక చూసింది. తెల్లగా ఒక్కటి లేదు. దాని మొహం దిగులుగా అయిపోయింది.

"అమ్మా, అన్నీ ఇచ్చేశాం. మనకేం మిగల్లేదు కదే" అంది.

మాణిక్యం నవ్వింది. వరదొచ్చిన తర్వాత ఆవిడ అలా నవ్వడం అదే మొదలు. కూతుర్ని ఎత్తుకుని మెట్టు మీద కూర్చుని, "పోలేదమ్మా. రేపు మళ్ళీ వస్తాయి. నీకు రేపు జడ నిండా పెడతాను" అంది.

నీళ్ళేమో పాదులోకి,
మొగ్గలేమో జడలోకి,
కథేమో కంచికి,
కునుకేమో నా తల్లి కంటికి.