ప్యాకింగ్ షెడ్డులో వినిపించిన మాట

"స్విచ్చిలో పట్టిక నిండిపోతే మిగిలింది సాఫ్ట్‌వేరు పంపుతుంది కదా మాస్టారూ! నేనే పరీక్షించి చూశాను. ఒక్క ముక్క పోలేదు. ఇంక ఇబ్బందేముంది?" అని అడిగాడు పైడిరాజు.

అతను ఒక కొత్త కర్మాగారంలో స్పీకర్లు బిగిస్తున్నాడు. కంట్రోల్ రూములో ఒకరు మాట్లాడితే ఆ మాట నెట్‌వర్కు మీద వెళ్ళి, దారిలోని ప్రతి స్విచ్చి దగ్గరా నకళ్ళుగా మారి, కావాలన్న స్పీకర్లన్నిటికీ చేరాలి. ఏ మాటను ఏయే తీగల మీదికి పంపాలో స్విచ్చి చిప్పులోని పట్టికలో ఉంటే నకళ్ళు తయారవడానికి క్షణం పట్టదు. పట్టికలో చోటు లేకపోతే ఆ పని సాఫ్ట్‌వేరు నడిపే ప్రాసెసరు మీద పడుతుంది. అది ఒక్కొక్కటిగా చేసుకుంటూ పోతుంది. పెద్ద స్విచ్చి కావాలని పైవాళ్ళను అడగడం పైడిరాజుకు ఇష్టం లేదు. మాస్టారు ఫరవాలేదంటే చాలనుకుని వచ్చాడు.

అతనికి ఈ పని నేర్పింది కూర్మారావు మాస్టారే. ఆయన తాను నిపుణుడిగా విచారణకు వెళ్ళిన ఒక రసాయనాల ఫ్యాక్టరీ సంగతి ఎత్తుకున్నారు.

అక్కడ ప్యాకింగ్ షెడ్డుకు దాలినాయుడు మేస్త్రి. ఓ మధ్యాహ్నం ట్యాంకు పగిలి విషవాయువు లీకయింది. గాలి తూర్పు వైపుకు వీస్తోంది. కంట్రోల్ రూములో మనిషి మైకు అందుకుని, "తూర్పు గేటు వైపు వెళ్ళకండి, వెళ్ళకండి" అని అరిచాడు. ఏం జరుగుతోందో చూద్దామని అధికారులు అప్పుడే కెమెరాలన్నీ తెరిచారు. షెడ్డు స్విచ్చిలో పట్టిక ముందే నిండి ఉంది. కొత్తగా తెరిచిన కెమెరాల బొమ్మలూ, ఆ మనిషి గొంతూ కలిసి ఒక్క ప్రాసెసరు మీద పడ్డాయి. అది మోయగలిగింది మోసి, తక్కింది పారేసింది.

షెడ్డులో స్పీకరు, "తూర్పు గేటు... వెళ్ళ... ండి" అంది.

"బాబాయ్, ముక్కలు ముక్కలుగా వస్తంది. ఇంకోసారి ఇందాం," అంది అసిరితల్లి, అట్టపెట్టెలకు టేపు వేసే పిల్ల.

"ఇనడానికి టైమేదమ్మా? తూర్పు గేటని చెప్తన్నారు కదా! పదండి, పదండి!" దాలినాయుడు అందర్నీ ముందుకు తోలి, తాను వెనక నడిచాడు.

అసిరితల్లికి మనసొప్పలేదు. పక్కనున్న బాయిలర్ గది దాకా పరుగెత్తింది. అక్కడి స్విచ్చిలో చోటుంది. అదే గొంతు, అదే మాట, గంట కొట్టినట్టు వినిపించింది: "వెళ్ళకండి." ఆమె వెనక్కి తిరిగి అరుస్తూ పరుగెత్తింది. సైరన్ మోతలో ఆ కేక ఎవరికీ అందలేదు. ఆమె గోడ మలుపు దాటేసరికి వాళ్ళంతా గేటు ముందు పడి ఉన్నారు. గేటు తియ్యడానికి ముందుకొచ్చిన దాలినాయుడి చెయ్యి గడియ మీదే ఉంది.

ప్రకటన సరిగ్గానే వెళ్ళిందనీ, కూలీలే కంగారులో తప్పుగా విన్నారనీ విచారణలో ఫ్యాక్టరీ వాళ్ళు వాదించారు. అసిరితల్లి మాస్టారిని వరండాలో ఆపింది.

"ఒకే మనిషి, ఒకే మాట కదండీ. అక్కడో రకంగా, మా కాడో రకంగా ఎలా చెప్పాడండీ?"

మాస్టారు చిప్పు గురించీ ప్రాసెసరు గురించీ చెప్పబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయారు. "అతను సరిగ్గానే చెప్పాడమ్మా," అన్నారు.

"అయితే మా బాబాయ్‌దే తప్పా?"

"కాదు," అన్నారు మాస్టారు. విచారణలోనూ అదే చెప్పారు. చివరికి మాత్రం కూలీల పొరపాటుగానే తేల్చారు.

ఆ ఫ్యాక్టరీ వాళ్ళు స్పీకర్లు బిగించాక ఒకసారైనా చూసుకోలేదేమో, తాను తప్పించుకోవడానికి అదొక్కటే దారిలా తోచింది పైడిరాజుకు.

"వాళ్ళు ముందు పరీక్షించలేదా మాస్టారూ?"

"పరీక్షించారు నాయనా. ఒక్క అక్షరం పోలేదు," అన్నారు కూర్మారావు మాస్టారు. "పరీక్షించిన రోజు గాలి బాగానే ఉంది. కెమెరాలు తెరవాల్సిన పని ఎవరికీ పడలేదు."