పెళ్ళి గంపా, పిల్లి గంపా?

అనగనగా ఒక పాత పట్నం. ఆ పట్నం నడిబొడ్డున, కోట గుమ్మం పక్కన, మేదర వీధి. ఇటు చేటలు, అటు బుట్టలు, మధ్యలో పచ్చి వెదురు వాసన. అక్కడ గంపలల్లే నూకాలమ్మకి చేతులు చురుకే గానీ, చెవులే కాస్త మందం.

ఒకరోజు సింహాచలం అనే ఆయన వచ్చి, "మా మేనకోడలు హైమకి పెళ్ళి గంప కావాలప్పా" అని నూకాలమ్మతో అన్నాడు. పెళ్ళికూతుర్ని మేనమామలు గంపలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోసుకెళ్తారే, ఆ గంప. నూకాలమ్మకేమో "పిల్లి గంప" అని వినబడింది! 'పిల్లకి పిల్లులంటే ముద్దు కాబోలు' అనుకుని, బుల్లి గంప అల్లి, దానికో మూత కూడా పెట్టింది.

పెళ్ళిరోజు పొద్దున్నే హైమ గుళ్ళో దణ్ణం పెట్టుకుని, మేనమామలతో, మేళంతో నేరుగా కొట్టుకే వచ్చింది. గంప చూసి సన్నాయి టక్కున ఆగిపోయింది.

"ఏటప్పా ఇది! మా పిల్లని మడతెట్టి ఇందులో దాచాలా?" అన్నాడు సింహాచలం.

'అయ్యో, తప్పు విన్నానే' అని నూకాలమ్మ నాలిక్కరుచుకుంది. ముహూర్తం దాటిపోతే పిల్ల గతేంటి? 'అమ్మా దుర్గమ్మా, నువ్వే దిక్కు' అనుకుంది.

పక్క కొట్టువాళ్ళు ఒక గంప తెచ్చారు. అబ్బో, చేపల కంపు! ఎదురు కొట్టువాళ్ళు ఇంకోటి తెచ్చారు. అది కోళ్ళ గంప, నెత్తిన చిల్లు! మూల కొట్టువాళ్ళు మూడోది తెచ్చారు. హైమ కాలు పెట్టిందో లేదో, అడుగు ఊడి కిందే ఉండిపోయింది!

ఆ తర్వాత నూకాలమ్మ ఏం చేసిందో తెలుసా? ధాన్యం గంప కోసం అల్లి ఉంచిన అడుగు తెచ్చి, నడివీధిలో పరిచింది.

"కూకో తల్లీ!"

హైమ కూర్చుంది. నూకాలమ్మ చుట్టూ వెదురు బద్దలు నిలబెట్టి, పిల్ల లోపలుండగానే అల్లెయ్యడం మొదలెట్టింది! "ఓర్నాయనో, పెళ్ళికూతుర్ని అల్లేస్తోందిరోయ్!" అని వీధంతా నోళ్ళు తెరిచింది. కొట్లవాళ్ళందరూ వచ్చి తలో చెయ్యీ వేశారు.

అంచు కట్టారు. మేనమామలు ఎత్తారు. గంప నిలిచింది! ఇక పందిట్లోకి పరుగో పరుగు. గంప వెంట నూకాలమ్మ కూడా పరుగు!

"ఆగండర్రా! నా కొంగు!"

పిచ్చితల్లి, తొందరలో తన చీరకొంగు కూడా బద్దలతో కలిపి అల్లేసింది!

పందిట్లో పెళ్ళికొడుకు తెల్లబోయి చూశాడు. "అదేంటి, నాకంటే ముందే కొంగుముడి పడిపోయిందా!" అన్నాడు. సింహాచలం కత్తి తీశాడు.

"శుభమా అని పెళ్ళవుతుంటే కొంగు కొయ్యకు మావయ్యా," అని హైమ నూకాలమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇక్కడే ఉండనీ."

ఎందరి పెళ్ళిళ్ళకో గంపలల్లింది గానీ, ఒక్క పెళ్ళీ దగ్గర్నుంచి చూడలేదమ్మా నూకాలమ్మ. ఆరోజు పీటల పక్కనే నిలబడి తాళి కట్టడం చూసింది. తలంబ్రాలు ఆమె నెత్తినా పడ్డాయి.

గంప పందిట్లోకి నడిచింది,
కథ కంచికి నడిచింది,
నిద్దర నీ కళ్ళకి నడిచొచ్చింది,
ఇక మనమూ ఇంటికి, బంగారుకొండా!