కత్తిరించిన నాలుగు మూరలు

మెట్టవలస సినిమా హాల్లో మిషను తిప్పే దాలినాయుడికి యుద్ధం బొమ్మలంటే ప్రాణం, కానీ వాటిలో కత్తి దూయని ఘట్టం ఒక్కటి వచ్చినా ఓర్చుకోలేకపోయేవాడు.

ఏటా వేసవిలో ఆ హాల్లో కొన్నాళ్లపాటు యుద్ధం బొమ్మలే ఆడేవి. వాటిలో మూడంటే అతనికి మరీ ఇష్టం. మొదటిదానిలో వెనకటి రాజులు ఏనుగులెక్కి ఈటెలతో పోరాడతారు. రెండోదానిలో కొండకోట మీద ఫిరంగులు పేలతాయి. మూడోదానిలో విమానాలు బాంబులు కురిపిస్తుంటే ఖాకీ సిపాయిలు బురద కందకాల్లో పాకుతారు. రీళ్లు రాగానే దాలినాయుడు కత్తెర తీసేవాడు. తల్లి కొడుక్కి బొట్టు పెట్టే చోటు, సిపాయి ఉత్తరం చదువుకునే చోటు, గాయానికి కట్టు కట్టే చోటు, అన్నీ కత్తిరించేవాడు. మిగిలిన ఫిలింను అతికించి, తీసేసిన ముక్కలు ఒక బిస్కెట్ల డబ్బాలో పడేసేవాడు. తిరిగి పంపేటప్పుడు రీళ్లు విప్పి చూసేవాళ్లెవరూ లేరు.

"నీ బొమ్మల్లో అన్నం తినేవాడే ఉండడు. ఆకలికి తాళలేక నరుక్కుంటారు కాబోలు" అని టికెట్లు చింపే అప్పలస్వామి ఎగతాళి చేసేవాడు. దాలినాయుడు నవ్వి ఊరుకునేవాడు. హాల్లో ఈలలు మోగేవి. అవి తన కత్తెరకే అనుకునేవాడు.

ఒక ఏడాది కొండకోట బొమ్మ మూడు రోజులు ఆడింది. మూడోరోజు ఉదయం ఆట అయ్యాక ఒక ముసలామె ఇనుప మెట్లు పట్టుకుని మెల్లగా మిషను గదిలోకి ఎక్కి వచ్చింది. ఆమె పేరు పైడమ్మ. కొండ కింది ఊరు. మూడు రోజులూ నేల టికెట్టు కొని, తెరకు దగ్గరగా కూర్చుని చూసిందని అప్పలస్వామి అంతకుముందే చెప్పాడు. ఫిరంగుల మోతకు ముచ్చటపడి వస్తోంది కాబోలని ఇద్దరూ నవ్వుకున్నారు కూడా.

పైడమ్మ ఆయాసం తీర్చుకుని తన సంగతి చెప్పింది. ఆ బొమ్మ తీసింది వాళ్ల కొండ దగ్గరే. అప్పుడు ఊళ్లో మగవాళ్లందరికీ తలపాగాలు చుట్టి సిపాయి వేషాలు వేశారు. ఆమె భర్త యుద్ధం అయ్యాక ఊట దగ్గర నీళ్లు తాగే సిపాయి. కెమెరా వైపు చూడవద్దని అతనికి పదిసార్లు చెప్పారు.

"నాను అన్నం గిన్నె పట్టుకుని ఆ మిషను వెనకాలే నిలబడ్డాను బాబూ. తల ఎత్తి, నన్ను చూసి నవ్వీసినాడు" అంది పైడమ్మ.

అతను పోయి పదేళ్లయింది. ఇంట్లో ఉన్న ఒక్క పటం తుపానుకు నానిపోయింది. అతని ముఖం మిగిలింది ఆ బొమ్మలోనే.

"మూడు రోజులూ కన్నార్పకుండా చూశాను. కనబడనేదు. నానే మర్చిపోనానేటో బాబూ. ఎదురుగా వచ్చినా పోల్చుకోలేకపోనానేటో. నువ్వు రోజూ చూస్తావు కదా. ఉన్నాడా, నేడా? ఉన్నాడంటే నా బుర్రే పోనాదనుకుని ఊరుకుంటాను."

ఆ సిపాయి దాలినాయుడికి బాగా గుర్తున్నాడు. యుద్ధం బొమ్మలో పళ్లికిలిస్తాడేమిటని విసుక్కుంటూ, ఈ రీళ్లు రాగానే మొట్టమొదట కత్తిరించింది అతన్నే. "ఉన్నాడమ్మా, నువ్వే పోల్చుకోలేదు" అంటే సరిపోయేది. ఆమె నమ్మి వెళ్లిపోయేది. తన మతి పోయిందన్న దిగులు మోసుకుంటూ మెట్లు దిగేది.

"నీ బుర్రకేమీ కాలేదమ్మా. అతన్ని కత్తిరించింది నేనే" అన్నాడు.

పైడమ్మ తిట్టలేదు. ఒక్కటే అడిగింది. "పారేశావా?"

సాయంత్రం బస్సుకు రీళ్లు వెళ్లిపోవాలి. మిగిలింది మధ్యాహ్నం ఆట ఒక్కటే. దాలినాయుడు డబ్బా తెచ్చి నేలమీద బోర్లించాడు. ఎన్నో ఏళ్ల ముక్కలు పాముల్లా చుట్టుకుని ఉన్నాయి. ఒక్కొక్కటీ కిటికీ వెలుగులో పట్టి చూడసాగాడు. మావటివాడు నేలకూలిన ఏనుగు చెవి నిమురుతున్నాడు. కోటగుమ్మంలో ఒక ఆడమనిషి దీపం పట్టుకుని నిలబడి ఉంది. ఖాకీ సిపాయి తన మగ్గు శత్రువు నోటికి అందిస్తున్నాడు. ఆయుధాలు మారాయి, బట్టలు మారాయి, వందల ఏళ్లు గడిచాయి. నిమిరే చెయ్యి మాత్రం అదే. ఎదురుచూసే కళ్లూ అవే. ఇన్నేళ్లూ తన చేతుల్లోంచే జారిపోయినవాటిని దాలినాయుడు అప్పుడే మొదటిసారి చూశాడు.

బోర్లించిన కుప్ప అడుగున దొరికింది నాలుగు మూరల ముక్క. తెరమీద అది నాలుగు క్షణాలు. ఫిలిం అతికించే జిగురు రాసి, ఊపిరి బిగబట్టి, దాన్ని రీలులో దాని చోట చేర్చాడు.

మధ్యాహ్నం ఆటలో ఫిరంగులు పేలాయి, ఈలలు మోగాయి. పొగ విడిపోయింది. తలపాగా సిపాయి దోసిలితో నీళ్లు తాగి, తల ఎత్తి, గోడంత ముఖంతో నవ్వాడు. పైడమ్మ లేచి నిలబడి చెయ్యి చాచింది. ఆ చేతి నీడ తెరమీద అతని చెంపను తాకింది. కూర్చోమని అరవబోయినవాడు కూడా నోరు మూసుకున్నాడు. హాలంతటా ఒక్క ఈల లేదు. మిషను గది కన్నంలోంచి చూస్తున్న దాలినాయుడికి ఆ నవ్వు ఎవరికోసమో అర్థమైంది.

ఆట అయ్యాక పైడమ్మ మళ్లీ మెట్లెక్కి వచ్చింది.

"గెడ్డం కింద మచ్చ ఉంది బాబూ. అది నిజంగానే మర్చిపోయాను. ఇప్పుడు గుర్తొచ్చింది" అని చెప్పి దిగిపోయింది.

దాలినాయుడు ఆ బొమ్మ ముక్కలన్నీ వెతికి, ఎక్కడివక్కడ అతికించి, సాయంత్రం బస్సుకు రీళ్లు పంపాడు. డబ్బాలో వేరే బొమ్మల ముక్కలు ఇంకా ఎన్నో మిగిలాయి. వాటి రీళ్లు ఏ ఊళ్లకు పోయాయో తెలియదు. ఎవరు ఎవరి ముఖం కోసం అక్కడ కూర్చుని, తమ మతినే తప్పుపట్టుకున్నారో కూడా తెలియదు. ఆ డబ్బాను అతను మిషను పక్కనే, ఎప్పుడూ కంటికి కనబడేలా పెట్టుకున్నాడు. తెగిన ఫిలిం అతికించడానికి తప్ప మళ్లీ కత్తెర పట్టలేదు.

నీతి: మనకు పనికిరానిదని కత్తిరించి పారేసేది మరొకరికి మిగిలిన ఒకే ఒక్క జ్ఞాపకం కావచ్చు, కాబట్టి దేన్నైనా తీసేసే ముందు అది ఎవరిదో ఆలోచించాలి.