పోయిన వేడి

వెనకటికో సంస్థానంలో దివాను పేర్రాజుగారి స్నానానికి వేన్నీళ్ళు చేరవేసే పని నూకాలుది. చక్రాల బల్ల మీద రాగి బిందె పెట్టి వంటశాల నుంచి స్నానాలగది దాకా తోసుకొచ్చేది. తన హోదాకి ఆ బిందె చిన్నదని దివానుగారికి నామోషీ. అందుకని రెండు బిందెల నీళ్ళు పట్టే వెడల్పాటి గంగాళం చేయించారు. బరువు రెండింతలైంది గానీ నూకాలు చేతుల్లో బలం రెండింతలు కాలేదు. ఎంత తోసినా బల్ల నింపాదిగానే కదిలేది. గది చేరేసరికి నీళ్ళు చల్లారిపోయేవి.

"వేడంతా ఎక్కడ పారేశావే? వెతికి తెచ్చి మళ్ళీ నీళ్ళలో కలుపు. లేదంటే రేపట్నుంచి పనిలోకి రాకు," అన్నారు దివానుగారు.

నూకాలు ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ కూలితోనే. అంతలో దివానుగారు స్నానమయ్యాక పూసుకోవడానికి మూత తీసి పెట్టుకున్న అత్తరు బుడ్డి కంటబడింది.

"తెస్తాను బాబూ. పారెయ్యలేదు, దారిపొడుగునా గాలిలో కలిసిపోయింది. దాన్ని పోగుచేసే పద్ధతే నాకు తెలీదు. ఈ అత్తరు వాసన గదంతా కమ్ముకుంది కదా, తమరు దాన్ని మళ్ళీ బుడ్డిలోకి ఎక్కించి చూపిస్తే నేర్చుకుంటాను."

దివానుగారు బుడ్డి వంక చూశారు, గాలి వంక చూశారు. చివరికి మీసం సవరించుకుని, "అయితే ఏం చెయ్యమంటావు?" అన్నారు.

"తమరే పొయ్యి దగ్గరికి రండి బాబూ. గంగాళాన్నయితే నేను తొయ్యాలి. తమరు ఎవరూ తొయ్యకుండానే కదులుతారు."

మర్నాడు పొద్దున వంటశాల పెరట్లో దివానుగారి తువ్వాలు ఆరేసి ఉంది.