పీరయ్య సానపట్టిన మంచు బూట్లు

అనగనగా, ఎండాకాలంలో తారురోడ్డుకి చెప్పులు అంటుకుపోయే ఒక ఊళ్ళో, ఒక మంచు మేడ ఉండేది. నవ్వకు, నిజంగానే ఉండేది. బయట జనం ఉడికిపోతుంటే, లోపల నేలంతా మంచు. పేద్ద మిషన్లు పెట్టి, నీళ్ళు గడ్డకట్టించి, బడి మైదానమంత మేర పరిచారు.

ఆ మంచు మీద కొంతమంది హాకీ ఆడేవాళ్ళు. బంతి ఉండదు. అరచెయ్యంత నల్ల బిళ్ళ ఉంటుంది. దాన్ని వంకర కర్రలతో కొట్టుకుంటూ పోయి, అవతలివాళ్ళ వలలో వెయ్యాలి. వాళ్ళేం పేరుమోసిన ఆటగాళ్ళు కారులే. బళ్ళో లెక్కలు చెప్పే సుగుణ టీచరు, హోటల్లో దోసెలు పోసే వీరాస్వామి, ఇంకో నలుగురు. పొద్దున్నే సరదాగా ఆడుకుని, చెమట తుడుచుకుని, ఎవరి పనికి వాళ్ళు పోయేవాళ్ళు.

ఆడేముందు వాళ్ళ వేషం చూడాలి నువ్వు! తలకి జాలీ ఉన్న టోపీ. భుజాలకీ మోకాళ్ళకీ దిండ్లలాంటి తొడుగులు. చేతులకి బొంతంత మందాన గ్లౌజులు. వీరాస్వామి వలకి కాపలా కదా, అతని కాళ్ళకైతే ఏకంగా రెండు పరుపులు కట్టేవాళ్ళు. ఇక పాదాలకి మంచు బూట్లు. బూటు అడుగున, మడమ నుంచి వేళ్ళదాకా నిలువునా ఒక ఇనప పట్టీ ఉంటుంది. దాని మీదే నిలబడాలి, దాని మీదే జారాలి. దాని పదును పోయిందంటే అంతే సంగతులు.

ఆ పట్టీలకి పదును పెట్టే మిషను మేడలోనే ఒకటి ఉండేది. ఒక గురువారం పొద్దున అది గుర్రుమని మూలిగి ఆగిపోయింది. బాగుచేసే మనిషొచ్చి, నెల పడుతుందన్నాడు. ఆదివారమేమో పొరుగూరి వాళ్ళతో ఆట! ఏడాదిగా ఎదురుచూస్తున్న ఆట. అందరూ మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు.

అప్పుడు వీధిలోంచి ఒక కేక వినపడింది. "కత్తులకి సానపడతాం... కత్తిపీటలకి సానపడతాం..."

ఆ కేక పీరయ్యది. సైకిలుకి సానరాయి బిగించుకుని, పెడలు తొక్కుతూ రాయి తిప్పుతూ, నలభై ఏళ్ళుగా వీధులన్నీ తిరుగుతున్నాడు. ఆ ఊళ్ళో ఆయన చెయ్యి తగలని కత్తిపీట లేదు. అన్నేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి కూడా 'ఇది తెగట్లేదయ్యా' అని వెనక్కి రాలేదు. ఆ మంచిపేరంటే ఆయనకి ప్రాణం.

సుగుణ టీచరు పరిగెత్తుకెళ్ళి ఆయన్ని పిలుచుకొచ్చింది. తన బూట్లు చూపించింది.

"బాబాయ్, వీటికి పదును పెట్టగలవా?"

పీరయ్య ఆ పట్టీని ఒకసారి తడిమి చూశాడు. "ఇనుమే కదమ్మా! గొడ్డలికే పెట్టినవాణ్ణి. మీ ఆరు జతలూ నా పూచీ. ఆదివారం మీరు దర్జాగా ఆడుకోండి" అన్నాడు. చూశావా, అడగాల్సిందేదీ అడక్కుండానే మాటిచ్చేశాడు.

ఆ తర్వాత గిర్రుమని రాయి తిప్పాడు, నిప్పురవ్వలు లేపాడు. పట్టీని ఇటు నుంచీ అటు నుంచీ అరగదీసి, మొన తేల్చి, అచ్చం కూరగాయల కత్తిలా తయారుచేశాడు. పదును చూడ్డానికి ఏం చేశాడో తెలుసా? సంచీలోంచి టమాటా తీసి, ఆ బూటుతో చక్రాలు చక్రాలుగా తరిగాడు! అందరూ చప్పట్లు కొట్టారు.

టీచరు ఆ బూట్లు తొడుక్కుని మంచు మీదికి అడుగుపెట్టింది. కత్తి వెళ్ళి మంచులో దిగబడింది. కాలు అక్కడే ఉండిపోయింది, మనిషి ముందుకి పడింది. దిండ్లూ టోపీ ఉన్నాయి కాబట్టి దెబ్బ తగల్లేదు. నలభై ఏళ్ళలో మొదటిసారి, పీరయ్య చేసిన పని పీరయ్య చేతికే తిరిగొచ్చింది.

శుక్రవారం మళ్ళీ మొదలెట్టాడు. మరీ పదును చేశాను కాబోలు అనుకుని, ఈసారి ఆ మొన అంతా అరగదీసి, బల్లపరుపుగా, నున్నగా చేశాడు. టీచరు ఎక్కింది. జారింది. బాగానే జారింది. కానీ మలుపు తిరగదే! ఆగమంటే ఆగదే! తడి అరుగు మీద స్టీలు పళ్ళెంలా సర్రుమని పోయి, గోడకి ధన్‌మని గుద్దుకుంది. "ఏం కాలేదు బాబాయ్, ఏం కాలేదు" అంటూనే మోచెయ్యి రుద్దుకుంది.

పీరయ్యకి తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని, ముద్ద కలిపి అలాగే ఉండిపోయాడు. "ఇంక నా చెయ్యి పనికిరాదే. రేపు పోయి, నావల్ల కాదని చెప్పేసి వస్తా" అన్నాడు.

ఆయన పెళ్ళాం ఆదెమ్మ నోరు కాస్త పెద్దది. మనసూ పెద్దదేలే. "కత్తిపీటకేం కావాలో నీకు తెలుసు, రోజూ ఇంట్లో చూస్తున్నావు గనక. ఆ బూట్లకేం కావాలో నీకేం తెలుసు? ఎప్పుడైనా తొడుక్కున్నావా?" అంది.

పీరయ్య ఆ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

శనివారం తెల్లారగానే మేడకి పోయాడు. "టీచరమ్మా, ఇంకా పదునున్న జత ఒక్కటైనా ఉంటే నా కాళ్ళకి కట్టండి" అన్నాడు. వెతగ్గా వెతగ్గా ఒక జత దొరికింది. అప్పుడు ఆయన తలకి జాలీ టోపీ పెట్టారు, మోకాళ్ళకి దిండ్లు కట్టారు. పంచె కట్టు మీద ఆ సరంజామా ఎలా ఉందో నువ్వే ఊహించుకో.

మంచు మీద నిలబెట్టారు. పాదం లోపలి వైపుకి వంచితే లోపలి అంచు పట్టుకుంటోంది. బయటికి వంచితే బయటి అంచు పట్టుకుంటోంది. 'ఓహో, దీనికి రెండు వైపులా పట్టు కావాలన్నమాట' అనుకుంటున్నాడో లేదో, దబ్బున నాలుగు కాళ్ళ మీద పడ్డాడు. ముక్కు మంచుకి తగిలింది. ఎదురుగా ఏముందనుకున్నావు? తన బూటు గీసిన గీత. ఒకటి కాదు, రెండు! పక్కపక్కనే రెండు సన్నటి గీతలు, మధ్యలో ముట్టుకోని మంచు.

అక్కడే కూర్చుని బూటు విప్పి, బొటనవేలితో తడిమాడు. పట్టీకి అటో అంచు, ఇటో అంచు, నడుమ పొడుగునా చిన్న గాడి. "తస్సాదియ్యా! ఇదా నీ సంగతి!" అని బూటునే గట్టిగా కోప్పడ్డాడు.

ఆ తర్వాత ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది. ముందు గట్టి రాయి ముక్క ఒకటి తీసుకుని, తన సానరాయి అంచుని చేతిగాజు అంచులా ఉబ్బెత్తుగా గుండ్రం చేశాడు. కత్తినైతే రాయికి అడ్డంగా ఆనిస్తారు. దీన్ని మాత్రం నిలువునా, మడమ నుంచి వేళ్ళదాకా, ఊపిరి బిగబట్టి ఒక్క ఊపున నడిపించాడు. గుండ్రటి రాయి పట్టీ నడుమ గాడి తీసింది. గాడికి అటూ ఇటూ రెండు అంచులు లేచాయి.

అప్పుడు చీపురుపుల్ల తుంచి ఆ రెండంచుల మీదా అడ్డంగా పెట్టి చూశాడు. పుల్ల ఒక పక్కకి ఒరిగింది. అంటే ఒక అంచు ఎత్తు, ఒకటి పల్లం. మళ్ళీ నడిపాడు, మళ్ళీ పుల్ల పెట్టాడు. మూడోసారికి పుల్ల ఎటూ ఒరక్కుండా సమంగా నిలిచింది. అలా ఒక్కో బూటూ, ఒక్కో బూటూ, ఆరు జతలూ ముగించేసరికి సాయంత్రమైంది. పిక్కలు పట్టేశాయి పాపం.

ఆదివారం వచ్చింది. పొరుగూరి వాళ్ళొచ్చారు. మేడ నిండా జనం. ఆదెమ్మ కూడా వచ్చి, కొంగు నిండుగా కప్పుకుని, చలికి వణుకుతూ ముందు వరసలో కూర్చుంది.

ఆట మొదలైంది. నల్ల బిళ్ళ గోడవైపు దూసుకుపోయింది. దాని వెనకే సుగుణ టీచరు, ఆగకుండా, అంతకంతకీ వేగంగా. అందరి కళ్ళూ బిళ్ళ మీదున్నాయి. పీరయ్య కళ్ళు మాత్రం ఆమె పాదాల మీదున్నాయి. గోడ దగ్గరికొచ్చేసింది. పీరయ్య లేచి నిలబడ్డాడు.

టీచరు రెండు పాదాలూ పక్కకి తిప్పింది. కర్రుమని అంచులు మంచుని పట్టుకున్నాయి. కొబ్బరికోరులా మంచు ఎగజిమ్మింది. గోడకి జానెడు దూరంలో ఆమె టక్కున ఆగి, వెనక్కి తిరిగి, బిళ్ళని కొట్టింది. అది పోయి వలలో పడింది.

జనం ఈలలు వేస్తుంటే, పీరయ్య కింద కూర్చుండిపోయి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

ఎవరు గెలిచారంటావా? పొరుగూరి వాళ్ళే. మూడు, రెండు. అయితే ఏమైంది? ఒక్కరు కూడా అంచు జారి పడలేదు.

ఆట అయ్యాక టీచరు వచ్చి పీరయ్య రెండు చేతులూ పట్టుకుంది. ఆయన కొత్త పెళ్ళికొడుకులా సిగ్గుపడుతూ, "అమ్మా, నేనూ ఒక్క చుట్టు తిరగనా?" అన్నాడు.

వీరాస్వామి తన బూట్లే విప్పి తొడిగాడు. టీచరు ఒక చెయ్యి, వీరాస్వామి సాక్సులతో జారుతూ ఒక చెయ్యి పట్టుకుని నడిపించారు. సగం చుట్టు అయింది.

"ఇక వదలండి" అన్నాడు పీరయ్య.

వదిలేశారు.

"పడతావయ్యోయ్!" అని అరిచింది ఆదెమ్మ.

పడలేదు. కాళ్ళు కాస్త వణికాయి, తర్వాత కుదురుకున్నాయి. మనిషి మెల్లగా, తిన్నగా జారుతూ పోయాడు. తన చేత్తో పెట్టిన పదును తననే మోసుకుపోతోంది! నలభై ఏళ్ళ పనిలో అంత సంతోషం ఆయన ఎప్పుడూ ఎరగడు. అంతమందిలో, సిగ్గూ ఎగ్గూ లేకుండా, చిన్నపిల్లాడిలా "ఓహోయ్!" అని కేకపెట్టాడు.

ఏదీ, కళ్ళు మూసుకో మరి.

గిర్రున తిరిగే రాయి సానకి,
సర్రున జారే కాలు మంచుకి,
చెప్పిన కథేమో చేరె కంచికి,
చెవిన వేసుకుని మనం నిద్రకి.