పొలిమేర రాతి గంగమ్మ

పూర్వము మేఘపాదుడను ముని ఆర్ద్రక మహర్షిని సమీపించి, వాన కురిసిన ఊరివారే నీరు లేక వలసపోవుచున్నారనియు, వాలున పరుగెత్తు నీటిని నిలిపి, విడిపోయిన వారిని కలుపు నోము ఏదైనను కలదా యనియు అడిగెను. మహర్షి కన్నులు మూసికొని ఇట్లు చెప్పెను.

బోడిగుట్ట క్రింద ఒక పల్లె కలదు. అందు ఓబుళమ్మ యను ఇల్లాలు, భర్త నారప్పతోను, కూతురు పుల్లక్కతోను కాపురముండెను. పంట పోయిన యేట ఆ ఊరివారు దూరదేశములకు కూలికి పోవుదురు. మబ్బు తేలిపోయినప్పుడెల్ల, తనవారును పోవుదురేమో యని ఓబుళమ్మ గుండె జారిపోవుచుండెను.

ఒకనాడు గొర్రెలు తోలుకొని ఒక అవ్వ గుట్ట దిగివచ్చి ఊరివారికి గంగమ్మ నోము చెప్పెను. గుట్ట నెత్తిన మొదలుపెట్టి దిగువకు, ప్రతి ఇంటివారును తమ చేనిలో వాలుకు అడ్డముగా రాతికట్ట వేయవలెననియు, రెండు చేల నడిమి పొలిమేర రాతిని మాత్రము రెండిండ్లవారు కలిసి ఎత్తి నిలుపవలెననియు చెప్పెను.

అందరును కట్టలు వేసిరి. ఓబుళమ్మకును, పక్కచేని తోడికోడలు లింగక్కకును చేను పంచుకొన్న నాటినుండి మాటలు లేవు. పొలిమేర రాయి ఆమె పెట్టునని ఈమెయు, ఈమె పెట్టునని ఆమెయు విడిచిరి. వాన వచ్చెను. నీరు ఆ సందు వెదకికొని దూకి, దిగువ కట్టలన్నియు తెంచి, విత్తనములతో కూడ మన్నును వంకలో కలిపెను. నారప్ప మూట కట్టి, "పోయొస్తా" ననెను. బండి రేపిన దుమ్ము అణగువరకు ఓబుళమ్మ వాకిట నిలిచియుండెను.

మరుసటి యేట ఆమె పంతము విడువక, ఒంటరిగా ఆ రాయి దొర్లించి నిలిపెను. వాన వచ్చెను. నీరు రాతి క్రింద దూరి దానిని పెకలించి పారవైచెను. ఈసారి పుల్లక్కయు మూట కట్టి, తండ్రి యున్న చోటికి బయలుదేరెను. "ఏడ్వొద్దుమ్మా. పోయొస్తా" ననెను.

ఇల్లు శూన్యమాయెను. తెల్లవారగనే ఓబుళమ్మ గుట్ట కడకు పోయి విలపించుచుండగా, ఆ అవ్వ ఎదుట నిలిచెను.

"ఏమ్మే, రాయి నిలబడల్యా?"

"ఒక్కదాన్నే గదవ్వా. బలం చాల్లేదు."

"బలం కాదే పిచ్చిదానా! పొలిమేరకు రెండు పక్కలుంటాయి. నీ పక్క రాళ్ళు కూరినావు, ఆ పక్క బోలుగా ఇడిసినావు. నీళ్ళకు అది తెలీదనుకొంటివా?"

ఓబుళమ్మ తలయెత్తునంతలో అవ్వయు లేదు, గొర్రెలును లేవు. ఎండిన ఇసుకలో అవ్వ అడుగుజాడలు మాత్రముండెను. ప్రతి జాడలోను నీరు ఊరుచుండెను. ఆమె ఆ నీరు కన్నుల నద్దుకొని, తిన్నగా లింగక్క వాకిటికి పోయెను.

గింజలు చెరుగుచున్న లింగక్క చేట దించకయే, "దోవ తప్పినావా, మహారాణీ?" యనెను.

"లేదక్కా. వాళ్ళు పోయిన దోవ చూసి చూసి ఈడికొచ్చినా."

లింగక్క చేట దించెను. "నా కొడుకు పోయింది గూడా ఆ దోవనే గదే. పద, గడ్డపార తీస్కో."

ఇరువురును రెండు పక్కల త్రవ్వి, పసుపు కుంకుమలు పెట్టి, చెరొక కొన పట్టి రాతిని నిలిపి, ఇరువైపుల గులకరాళ్ళు కూరిరి. ఊరివారు తెగిన కట్టలు సవరించిరి. వాన వచ్చెను. గర్జించుచు దిగిన నీరు ఆ రాతి కడ పరుగు మరచి, కట్ట వెంట మెల్లగా ప్రాకి, చేనిలో కూర్చుండెను. వాన వెలిసిన పిదప అందరును గుట్ట యెక్కి చూచిరి. నెత్తినుండి దిగువకు మెట్టుమెట్టున ఆకాశము పరచినట్లుండెను. మన్ను నీరు త్రాగు సద్దు వినబడుచుండెను.

వార్త విని పోయినవారు మరలి వచ్చిరి. నారప్ప బావిలో చేద విడిచి, చేతిలో మిగిలిన తాడు చూచి, "ఇంత మిగిలిందేమే!" యనెను. ఆ మిగులు తాడుతో పుల్లక్క దూడను కట్టెను.

కావున మునీంద్రా, ఎగువ చేనివారును, దిగువ చేనివారును, మాటలు లేని తోడికోడండ్రును, చేను లేకున్నను ఆ ఊరి నీరు త్రాగువారును, ఏటేట తొలకరికి ముందు ఈ నోము నోచవలెను. కథ విని అక్షతలు తలపై వేసికొన్నవారు తలా తట్టెడు మన్ను కట్టపై వేయవలెను. అట్లు చేసినవారి బావులు ఊరును, పాడి నిలుచును. వారి యింట "పోయొస్తా" నను మాట సంతకు పోవునపుడు మాత్రమే వినబడును.