నెట్టుకున్న పూసలు

హైమవతి కాగితం బల్ల మీద పెట్టింది. పెట్టడం కాదు, కొట్టింది.

"ఎలీషా చేసిన పూసలు పనికిరావు మేడమ్. వచ్చే నెల నుంచి అతన్ని మాన్పించమని రాశాను. మీ సంతకమే తరువాయి."

ఎలీషా అక్కడే ఉన్నాడు, గుమ్మంలో, తడి చేతులతో. పదకొండేళ్లుగా ఆ ప్రయోగశాలకి కంటికి ఆనని గాజుపూసలు చేసి, పూత వేసి ఇచ్చేది అతనే. చదివిన నోటి ముందు పనిచేసే చేతులెప్పుడూ మూగవే కదా.

సకీనా మేడమ్ కాగితం ముట్టుకోలేదు. "ఏం చేశాయమ్మా పూసలు?"

"మొన్న లిక్విడ్ క్రిస్టల్ ద్రవంలో వేసి రెండింటిని దగ్గర పెడితే ఒకదాన్నొకటి లాక్కున్నాయి. ఇవాళ అదే డబ్బీలోవి నెట్టుకుంటున్నాయి. పూత చెడింది. ఎల్లుండి ప్రదర్శనలో అందరి ముందూ ఏ మొహం పెట్టుకుని చూపించను?"

"ఎలీషా మొహం పెట్టుకుని చూపిద్దామనుకున్నావన్నమాట."

మేడమ్ మైక్రోస్కోప్ ముందు కూర్చుంది. తెర మీద రెండు పూసలు గిట్టని తోడికోడళ్లలా దూరం జరుగుతున్నాయి. ఆవిడ స్లయిడ్ కింది హీటరు మీట తిప్పింది.

ఆ ద్రవంలో అణువులు దువ్విన జుట్టులా ఒకే వైపు పడుకుని ఉంటాయి. వేడి తగలగానే ఆ వరస కాస్తా చెదిరింది. పూసలు నెట్టుకోవడం మానేశాయి. ఒకదాని ఊసు ఒకదానికి లేనట్టు, ఎటు పడితే అటు వణుకుతూ తిరిగాయి.

"పూసలు మార్చానా?"

"లేదు మేడమ్."

"పూత గీకానా?"

హైమవతి తల అడ్డంగా ఊపింది.

మేడమ్ స్లయిడ్ తీసి, చల్లారనిచ్చి, ఆమె అరచేతిలో పెట్టింది. "ద్రవానికి వరస నేర్పేది ఈ గాజు. దీన్ని రుద్దిన వైపే అణువులు పడుకుంటాయి. మఖమలు గుడ్డతో దీన్ని రుద్దిందెవరు?"

"నేనే."

"ఏ వైపు రుద్దావు?"

రుద్దగానే గాజు మూలన బాణం గియ్యాలి. చేరిన మొదటి వారంలో నేర్పే పని అది. గియ్యకపోతే నిలువేదో అడ్డమేదో దేవుడికి కూడా తెలీదు. వరస వెంట పెడితే లాక్కునే పూసలే, అడ్డంగా పెడితే నెట్టుకుంటాయి.

హైమవతి గాజుని వెలుతురుకి ఎత్తి పట్టింది. ఒక మూల చూసింది. నాలుగు మూలలూ చూసింది. మళ్లీ మొదటి మూలకొచ్చింది.

మేడమ్ కలం మూత తీసింది. కాగితాన్ని ముందుకి లాక్కుని, సంతకం చోట ములుకు ఆనించింది.

"పెడతాను. ఇందులో పేరు సరిగ్గానే రాశావా, తల్లీ?"